పోలిష్‌లో పుట్టినరోజు శుభాకాంక్షలు నోటితో చెప్పడం ఎలా? వియ్యపురాలి షష్టిపూర్తికి సాయం కావాలి

#1 తెనాలి_అమ్మమ్మ
అందరికీ నమస్కారం. మా అమ్మాయి అత్తవారిది పోలండ్‌లో పోజ్నాన్. వచ్చే ఆదివారంతో మా వియ్యపురాలికి అరవై ఏళ్లు నిండుతాయి. ఇంటిల్లిపాదీ కూడతారట. ఆ సమయానికి వీడియో కాల్ చేసి మమ్మల్నీ కలుపుతానంది మా అమ్మాయి.

ఆవిడకు ఇంగ్లీషు రాదు, నాకు పోలిష్ రాదు. ఇన్నాళ్లూ మధ్యలో అమ్మాయి మాట అందిస్తుంటే నవ్వులతో, చేతి సైగలతో సరిపెట్టుకున్నాం. ఈసారి మాత్రం నా నోటితో నేనే చెప్పాలని ఉంది. అమ్మాయి పురిటి సమయానికి నాకు వీసా రాలేదు. ఆవిడే పక్కన కూర్చుని చూసుకుంది. బాలింతకు మనం ఏం పెడతామో ఫోన్‌లో అడిగించుకుని, వాము ఎక్కడ దొరుకుతుందో వెతికించి, ధనియాల చారు కాచి పెట్టింది. అలాంటి మనిషికి అరవయ్యో ఏట "హ్యాపీ బర్త్‌డే" అని ఊరుకోలేను.

నెట్‌లో చూస్తే ఒకే మాటలో ఎస్, జెడ్, సి, జెడ్ వరసగా ఉన్నాయి. ఎక్కడ నోరు తెరవాలో తెలియడం లేదు. దయచేసి తెలుగు అక్షరాల్లో రాసిపెట్టండి. మా అమ్మాయికి తెలియకుండా నేర్చుకోవాలి, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

#2 ఖమ్మం_కుర్రాడు (గ్దాన్స్క్)
ఆంటీ, టెన్షన్ పడకండి. "స్తొ లాత్!" అంటే చాలు. వందేళ్లు అని అర్థం, మన నిండు నూరేళ్లే. పుట్టినరోజైనా, పెళ్లైనా, పెళ్లిరోజైనా ఇక్కడ అందరూ కలిసి పాడే పాట అదే. మా పనిచోట ఎవరి పుట్టినరోజైనా కేక్ వాళ్లే తెస్తారు, మేమంతా చుట్టూ నిలబడి పాడతాం, అంతే.

#3 వ్రొత్స్వాఫ్_కోడలు
తమ్ముడూ, నువ్వు చెప్పింది నిజమే కానీ అమ్మమ్మగారికి అది సరిపోదు. "స్తొ లాత్" పదిమంది గొంతుల్లో ఒకటిగా వినిపించేది. వియ్యపురాలిగా ఆవిడ చెప్పాల్సింది వేరే ఉంది.

అమ్మా, నేను ఆ ఇళ్లలో కోడల్ని కాబట్టి చెప్తున్నాను. పోలిష్ వాళ్లింట్లో శుభాకాంక్షలు చెప్పడం ఒక పద్ధతి. "స్క్వాదచ్ ఝిచెన్య" అంటారు. బంధువులు ఒక్కొక్కరుగా ముందుకొచ్చి, చేయి పట్టుకుని, కళ్లలోకి చూస్తూ ఆ మనిషికి ఏం కావాలని కోరుకుంటున్నారో పేరుపేరునా చెప్తారు. ఆరోగ్యం, సంతోషం, మోకాలి నొప్పి తగ్గడం, కొడుక్కి మంచి ఉద్యోగం, ఏదైనా కావచ్చు. ఆ తర్వాత కౌగిలించుకుని బుగ్గమీద ముద్దు. పెద్దవాళ్లయితే మూడు ముద్దులు. మా అత్తగారి చెల్లెలు ఒక్కొక్కరికీ రెండు నిమిషాలు చెప్తుంది, వెనక వరసలో నిలబడ్డవాళ్లు ఓపిగ్గా ఆగుతారు. మన ఇళ్లలో పెద్దవాళ్లు అక్షింతలు వేస్తూ ఒక్కొక్కరే దీవిస్తారు చూడండి, ఆ తీరు.

కాబట్టి మీకు కావాల్సింది ఒక మూలవాక్యం, దానికి తోడు మీ మనసులో ఉన్న రెండు మూడు కోరికలు. మూలవాక్యం ఇదీ:

ఫ్షిస్త్‌కియెగొ నైలెప్‌షెగొ జొకాజ్యి ఉరోజిన్.

పుట్టినరోజు సందర్భంగా అన్నీ అత్యుత్తమంగా జరగాలని. మిగతావి మీరు ఏం కోరుకుంటారో చెప్తే కలిపి రాస్తాను.

#4 తెనాలి_అమ్మమ్మ
చాలా సంతోషం తల్లీ. ఆరోగ్యం ముఖ్యం, ఆవిడకు బీపీ ఉంది. సుఖసంతోషాలు. మనవరాలికి మూడేళ్లు, దాన్ని చూసుకుని మురిసిపోవాలని కూడా చెప్పాలి. అరవయ్యో పుట్టినరోజు అన్న మాట కూడా పడాలి. పెద్దదైపోతుందా?

#5 వార్సా_వాసి
అమ్మగారూ, పెద్దదైనా ఫర్వాలేదు, ముందు ఉచ్చారణ సంగతి తేల్చుకుందాం. నేను వార్సా విశ్వవిద్యాలయంలో విదేశీయులకు పోలిష్ నేర్పే పొలోనీకుమ్‌లో చదువుకున్నాను. 1956 నుంచీ నడుస్తున్న కేంద్రం అది. క్లాసులో రకరకాల దేశాల వాళ్లం ఉండేవాళ్లం. తెలుగు వచ్చినవాళ్లకు పోలిష్ నోరు తిరగడం తేలిక అని నా గట్టి నమ్మకం. ఎందుకో చెప్తాను.

ఇంగ్లీషు వాళ్లకు "ష" ఒక్కటే. పోలిష్‌కు రెండున్నాయి, మనకూ రెండున్నాయి. వాళ్లు ఎస్ తర్వాత జెడ్ రాస్తే మన "ష": నాలుక కొన వెనక్కి వెళ్లాలి. ఎస్ మీద గీత ఉంటే మన "శ": నాలుక మధ్యభాగం అంగిలి దాకా లేవాలి. మనం రోజువారీ మాటల్లో రెండింటినీ కలిపేస్తున్నాం కానీ "శంకరుడు", "షట్చక్రాలు" అని బడిలో పలికించినట్టు పలికితే పోలిష్ వాళ్లకు చెవికింపుగా ఉంటుంది.

రెండోది, వాళ్ల "త", "ద" మనవే. పళ్లకు తగిలే శబ్దాలు. ఇంగ్లీషు అలవాటుతో "స్టో లాట్" అనొద్దు. స్తొ, లాత్.

మూడోది, ఎన్ మీద గీత ఉంటే అచ్చంగా మన "ఞ". బడి మానేశాక ఆ అక్షరానికి మళ్లీ పని దొరికేది పోలండ్‌లోనే. ముక్కుతో పలికే అచ్చుకు అరసున్న పెట్టుకోండి. ఉదాహరణకు సుఖం, అదృష్టం అనే మాట: ష్చెఁశ్చ. పోలిష్ నేర్చుకునే ఎవరినైనా భయపెట్టే మాట ఇది. దీన్ని రెండు ముక్కలు చేయండి. ముందు "ష్చెఁ", నాలుక వెనక్కి. తర్వాత "శ్చ", నాలుక ముందుకి, "నిశ్చయం"లో ఉన్నట్టే. మధ్యలో గాలి ముక్కులోంచి పోవాలి. ష్చెఁ... శ్చ. అద్దం ముందు నిలబడి నెమ్మదిగా అంటే పెదవులు మొదటి ముక్కకు కాస్త ముందుకొచ్చి, రెండో ముక్కకు నవ్వుతున్నట్టు పక్కలకు సాగుతాయి. అలా సాగితే సరిగ్గా పలికినట్టే.

మనకు బొత్తిగా కొత్తవి ముఖ్యంగా రెండు. కోడలుగారు "ఝ" అని రాసిన చోట మన ఝషం, ఝరి కాదు. "టెలివిజన్" అని ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు అంటారే, ఆ "జ". ఇక వాళ్ల వై అక్షరం: "ఇ" అనబోయి నాలుకను కాస్త వెనక్కి లాగాలి.

ఊనిక చివరి నుంచి రెండో అక్షరం మీద పడుతుంది. ఫ్షిస్త్-కియె-గొ, నై-లెప్-షె-గొ. "కియె", "షె" దగ్గర గొంతు లేవాలి.

#6 తెలుగు_మాస్టారు (రాజమహేంద్రవరం)
వార్సా_వాసి గారూ, చక్కగా చెప్పారు. ఒక చిన్న చేర్పు. మనకు "చ", "జ" కూడా రెండేసి ఉన్నాయి. చీమలో చ వేరు, చాపలో చ వేరు. జీవితంలో జ వేరు, జడలో జ వేరు. పాత పుస్తకాల్లో చాప, జడ శబ్దాలకు ౘ, ౙ అని విడిగా రాసేవారు. ఈ భేదం పోలిష్‌లో పనికొస్తుందా?

#7 వార్సా_వాసి
బ్రహ్మాండంగా పనికొస్తుంది మాస్టారూ. వాళ్ల సి అక్షరం పక్కన జెడ్, హెచ్, ఐ లాంటివి లేకుండా ఒంటరిగా వస్తే చాపలో ౘ. "చాలా" అనే అర్థంలో వాడే మాట "బార్ౙొ", అది జడలో ౙ. పైన కోడలుగారు రాసిన "ఉరోజిన్"లో మాత్రం జీవితంలో జి. "జొకాజ్యి"లో ఉన్నవి జూపార్కులో జ. ఇప్పటి మన రాతలో మూడింటికీ ఒకే అక్షరం కాబట్టి వీటిని చెవితోనే పట్టుకోవాలి.

#8 వూచ్_స్టూడెంట్
అసలు మా ఊరి పేరే పెద్ద పరీక్ష. మ్యాపులో చూసి మనవాళ్లంతా "లోడ్జ్" అంటారు. ఎల్ మీద అడ్డగీత ఉంటే అది "వ", పెదవులు గుండ్రంగా చుట్టి అనాలి. వూచ్.

నాదీ ఒక ప్రశ్న. మా ప్రొఫెసర్‌గారి పుట్టినరోజు ఇదే నెలలో. ఆయనకు ఎలా చెప్పాలి? క్లాస్‌మేట్స్ ఫేస్‌బుక్‌లో ఒకరికొకరు "ఫ్షిస్త్‌కియెగొ నై!" అని సగం మాటే రాసుకుంటున్నారు. అది ఆయనకు పెట్టొచ్చా?

#9 వ్రొత్స్వాఫ్_కోడలు
వద్దు తమ్ముడూ, అది స్నేహితుల మధ్య మాట. ప్రొఫెసర్‌గారికి "పానియె ప్రొఫెసొఝె" అని మొదలుపెట్టి, "ఝిచె పాను ఫ్షిస్త్‌కియెగొ నైలెప్‌షెగొ" అను. మేడమ్ అయితే "పాని ప్రొఫెసొర్, ఝిచె పాని..." "పాన్", "పాని" అంటే మన "గారు" అనుకో. బజార్లో కూరగాయలమ్మే ఆవిడ దగ్గర్నుంచి డాక్టర్ దాకా పరిచయం లేని పెద్దవాళ్లందరికీ అదే. రాసేటప్పుడు పెద్దక్షరంతో మొదలుపెట్టాలి, అది మర్యాద.

ఇప్పుడు అమ్మమ్మగారి విషయం. అమ్మా, ఆవిడను ఇప్పటిదాకా ఏమని పిలుస్తున్నారు?

#10 తెనాలి_అమ్మమ్మ
ఏమనీ పిలవడం లేదమ్మా. "నమస్తే" అంటాను, ఆవిడ కూడా చేతులు జోడించి "నమస్తే" అంటుంది. పేరు ఇక్కడ రాయడం బాగోదు. "అ"తో ముగిసే పేరు. ఇంట్లో వాళ్లు ఇంకో పొట్టి పేరుతో పిలుస్తారు.

#11 ఖమ్మం_కుర్రాడు
వియ్యపురాలే కదా, పేరు పెట్టి పిలవొచ్చు. ఇక్కడ అత్తమామల్ని కూడా కొందరు పేరు పెట్టే పిలుస్తారు.

#12 వ్రొత్స్వాఫ్_కోడలు
కొందరు పిలుస్తారు, అవతలివాళ్లు పిలవమన్నాక. "గారు" నుంచి "నువ్వు"లోకి మారడానికి వాళ్లకు ఒక పద్ధతుంది. వయసులో పెద్దవాళ్లు, లేదా ఇద్దరిలో ఆడవాళ్లు, "ఇక పేరుతోనే పిలుచుకుందాం" అని అడుగుతారు. అడిగాక చేయి కలుపుతారు, ఒక్కోసారి గ్లాసులు పట్టుకుని చేతులు మెలివేసి తాగుతారు కూడా. ఆ మాట రానంతవరకూ "పాని" అనడమే అందం. అమ్మమ్మగారు "పాని" అనే మొదలుపెట్టాలని నా అభిప్రాయం. ఆవిడ వద్దంటే అప్పుడు మానొచ్చు.

పేరు పిలిచేటప్పుడు చివరి అక్షరం మారుతుంది. "అ"తో ముగిసే ఆడపేర్లు మామూలుగా "ఒ" అవుతాయి. ఆన్నా అయితే "పాని ఆన్నొ", ఎవా అయితే "పాని ఎవొ", క్రిస్తీనా అయితే "పాని క్రిస్తీనొ". ముద్దుపేర్లు "శ", "న్య" లాంటి మెత్తని శబ్దంతో ముగిస్తే "ఉ" వస్తుంది. బాశ "బాశు", ఆన్య "ఆన్యు", కాశ "కాశు". మీ వియ్యపురాలి పేరుకు ఏది కుదురుతుందో నాకు ప్రైవేట్ మెసేజ్ పెట్టండి, చూసి చెప్తాను.

#13 తెలుగు_మాస్టారు
ఇది అచ్చంగా మన సంబోధనా ప్రథమా విభక్తి! రాముడు, ఓ రామా. పిలుపులో చివరి అచ్చు మారడం తెలుగు పిల్లవాడికి పుట్టుకతో తెలుసు. అక్క అని రాస్తాం, అక్కా అని పిలుస్తాం.

నాకొక సందేహం. "నైలెప్‌షెగొ", "ఫ్షిస్త్‌కియెగొ" రెండూ "గొ"తోనే ఎందుకు ముగుస్తున్నాయి? ఏదో విభక్తి అనిపిస్తోంది.

#14 వార్సా_వాసి
షష్ఠీ విభక్తి మాస్టారూ. "ఝిచె" అంటే "కోరుకుంటున్నాను". ఎవరికి కోరుకుంటామో అది చతుర్థిలో, ఏది కోరుకుంటామో అది షష్ఠిలో పెట్టాలి, అది ఆ క్రియ నియమం. మనం శుభాకాంక్షలు అని చెప్పి "తెలుపుతున్నాను" మింగేసినట్టు వాళ్లు "ఝిచె" మింగేస్తారు, విభక్తి మాత్రం మిగిలిపోతుంది. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే ఎన్ని కోరికలైనా కలుపుకోవచ్చు. ఆరోగ్యం "జ్‌ద్రోవ్యె" అయితే శుభాకాంక్షలో "జ్‌ద్రోవ్య". సుఖం "ష్చెఁశ్చె" అయితే "ష్చెఁశ్చ". కలలు పండడం: "స్పెవ్‌నియెన్య మాఝెఞ్", ఇది దాదాపు ప్రతి గ్రీటింగ్ కార్డు మీదా ఉంటుంది. నిఘంటువులో ఉన్న రూపం తెచ్చి అలాగే పెడితే అర్థమవుతుంది కానీ వాక్యం అతకదు.

ఇంకోటి, "ఝిచె" ఆడవాళ్లన్నా మగవాళ్లన్నా ఒకటే. కొన్ని పుస్తకాల్లో "కోరుకోవాలనుకుంటున్నాను" అని ఇంకాస్త మర్యాదగా మొదలయ్యే వాక్యం ఇస్తారు. అది మగవాళ్లకు ఒకటి, ఆడవాళ్లకు ఒకటి. మొదటిసారి చెప్పేవాళ్లకు ఆ చిక్కు అనవసరం.

#15 వ్రొత్స్వాఫ్_కోడలు
అమ్మా, మెసేజ్ చూశాను. మీరు అడిగినవన్నీ కలిపి మీ వాక్యం ఇదిగో. ఖాళీలో మీ వియ్యపురాలి పేరు, నేను చెప్పిన పిలుపు రూపంలో పెట్టుకోండి.

పాని ......, ఝిచె పాని ఫ్షిస్త్‌కియెగొ నైలెప్‌షెగొ జొకాజ్యి షెశ్‌జెశొన్‌తిహ్ ఉరోజిన్.
దూఝొ జ్‌ద్రోవ్య, ష్చెఁశ్చ, ఇ రదోశ్చి జ్‌వ్నుచ్‌కి.
స్తొ లాత్!

రెండో వరస: బోలెడంత ఆరోగ్యం, సుఖం, మనవరాలితో ఆనందం. "షెశ్‌జెశొన్‌తిహ్" అంటే అరవయ్యో. అది నోరు తిరగకపోతే తీసేయండి, వాక్యం చెక్కుచెదరదు. మనవరాలి మాట మాత్రం వదలొద్దు. కార్డు మీద అచ్చు వేయనిది, మీరు మాత్రమే చెప్పగలిగినది అదే.

సాధన వెనక నుంచి మొదలుపెట్టండి. గొ. షెగొ. లెప్‌షెగొ. నైలెప్‌షెగొ. ముందు నుంచి చదివితే మొదటి ముక్క బాగా వచ్చి చివరికొచ్చేసరికి తడబాటు వస్తుంది. వెనక నుంచి కూడితే వెళ్తున్నకొద్దీ తెలిసిన దారిలోకి వస్తారు. "ఫ్షిస్త్‌కియెగొ"లో "త్" గబగబా మాట్లాడేటప్పుడు వాళ్లే మింగేస్తారు. "ఫ్షిస్కియెగొ" అన్నా ఎవరూ తప్పు పట్టరు.

#16 వార్సా_వాసి
వినడానికి ఫోర్వో అనే సైటు ఉంది అమ్మగారూ, అందులో పోలిష్ వాళ్లే స్వయంగా పలికిన మాటలుంటాయి. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో స్పీకర్ గుర్తు మరోసారి నొక్కితే నెమ్మదిగా పలుకుతుంది. కానీ దానికి ఇంగ్లీషు వాక్యం ఇచ్చి అనువాదం అడగొద్దు, "పాని" అనాల్సిన చోట "నువ్వు" పెట్టేస్తుంటుంది. కోడలుగారు రాసిన వాక్యమే పోలిష్ లిపిలో పెట్టి వినండి.

#17 తెనాలి_అమ్మమ్మ
కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసుకుని వంటింట్లో స్టవ్ వెనక గోడకు అంటించాను. పప్పు ఉడికేలోపు రెండుసార్లు, పోపు వేగేలోపు ఒకసారి. మావారు "ఫ్షి" దగ్గరే ఆగిపోతున్నారు, ఆయనకు "స్తొ లాత్" అప్పగించాను.

చెప్పాక ఆవిడ ఏమంటుంది? నేనేమనాలి?

#18 వ్రొత్స్వాఫ్_కోడలు
"జెఙ్‌కూయె" అంటుంది, ధన్యవాదాలు అని. లేదా "జెఙ్‌కూయె బార్ౙొ". కళ్లు చెమ్మగిల్లితే ఇంకా చాలా చెప్తుంది, అప్పుడు మీ అమ్మాయికి పని పడుతుంది. మీరు చిరునవ్వుతో ఆవిడ మాట పూర్తయ్యేదాకా చూస్తే చాలు.

పుస్తకాల్లో "నవ్‌జాయెమ్" అనే మాట కనిపిస్తుంది, "మీకూ అలాగే" అని. క్రిస్మస్‌కీ, కొత్త సంవత్సరానికీ అది అందరూ అనే మాట. పుట్టినరోజు నాడు కుదరదు.

పూలు పంపే ఆలోచన ఉంటే అమ్మాయితో చెప్పి అక్కడి పూలకొట్లోనే చేయించండి. బేసి సంఖ్యలో ఉండాలి. సరిసంఖ్య పూలు అంత్యక్రియలకు. చామంతులు అసలే వద్దు. నవంబర్ 1న పోలండ్ అంతా సమాధుల దగ్గరకు వెళ్తుంది, ఆ రోజు శ్మశానాలన్నీ చామంతులతో నిండిపోతాయి. మనకు చామంతి శుభమే, వాళ్లకు మాత్రం అది పోయినవాళ్ల పువ్వు.

#19 ఖమ్మం_కుర్రాడు
పాట సంగతి కూడా చెప్పాలి. "స్తొ లాత్" పాటలో పుట్టినరోజు మనిషి పేరు ఎక్కడా రాదు, "మన కోసం బతకాలి, బతకాలి" అని వస్తుంది. పాట అవగానే ఒకరు "ఆ క్తొ?" అని అరుస్తారు, అంటే "ఇంతకీ ఎవరు?" అని. అప్పుడు అందరూ పేరు చెప్పి అరవాలి. ఆ క్షణానికి రెడీగా ఉండండి ఆంటీ. నిజంగా వందేళ్లు నిండినవాళ్లకు వంద చాలదు కదా, "ద్వియెశ్చె లాత్", రెండు వందలు అని పాడతారు.

టైమ్ చూసుకోండి. ఇప్పుడు వేసవి కాబట్టి మనకంటే మూడున్నర గంటలు వెనక. అక్టోబర్ చివరి ఆదివారం నుంచి మార్చి చివరి ఆదివారం దాకా అయితే నాలుగున్నర. వాళ్లు సాయంత్రం అయిదింటికి కూడితే మీకు ఎనిమిదిన్నర.

#20 నిర్వాహకుడు
ఈ చర్చను "ప్రపంచ భాషలు" విభాగంలోకి మార్చాను. శుభాకాంక్షల వాక్యం కోసం వచ్చేవారు #5, #15 చూడండి.

#21 తెనాలి_అమ్మమ్మ
అందరికీ పేరుపేరునా నమస్కారాలు. ఆదివారం అనుకున్నట్టే జరిగింది.

వాళ్ల హాల్లో ఇరవైమంది దాకా ఉన్నారు. అమ్మాయి ఫోన్ ఆవిడ చేతికిచ్చి, "అమ్మ విష్ చేస్తుంది" అని తర్జుమా చేయడానికి పక్కన నిలబడింది. నేను "పాని" అని పేరు పిలిచాను. అమ్మాయి నోరు తెరిచి అలా ఉండిపోయింది. రెండు వరసలూ చెప్పేశాను. "జ్‌వ్నుచ్‌కి" అనగానే ఆవిడ ఫోన్ పట్టుకున్న చెయ్యి కిందికి దిగిపోయి నాకు వాళ్ల పైకప్పు కనిపించింది. మళ్లీ పైకి తెచ్చేసరికి కళ్లు తుడుచుకుంటోంది. అల్లుడు "మళ్లీ ఒక్కసారి అత్తయ్యా" అన్నాడు, అటువైపు వాళ్లంతా వినేట్టు ఇంకోసారి చెప్పాను. మావారు "స్తొ లాత్" అన్నారు, అంతే, గది గదంతా పాట అందుకుంది. "ఆ క్తొ?" అని అరిచింది ఎవరో కాదు, మా మనవరాలే. "బాబ్చ!" అని జవాబు కూడా అదే చెప్పింది. నానమ్మ అనట.

తర్వాత ఆవిడ చాలాసేపు మాట్లాడింది. అమ్మాయి చెప్పింది, ఇకమీదట "పాని" వద్దు, పొట్టి పేరుతో పిలవమని అడుగుతోందని. కోడలుగారూ, మీరన్నట్టే ఆవిడే ఆ మాట అడిగింది. నన్ను కూడా పేరుతోనే పిలుస్తానంది. నా పేరు నాలుగుసార్లు పలికించుకుని నేర్చుకుంది.

డిసెంబర్‌లో ఆవిడ "పేరు పండుగ" ఉందట. అదేమిటి?

#22 వ్రొత్స్వాఫ్_కోడలు
చదువుతుంటే ఒళ్లు పులకరించింది అమ్మా!

అది "ఇమియెనీని". పోలిష్ క్యాలెండర్‌లో ప్రతి తేదీ కింద రెండు మూడు పేర్లు అచ్చు వేసి ఉంటాయి, క్యాథలిక్ సంతుల రోజుల్ని బట్టి వచ్చిన ఆచారం. యూజెఫ్ పేరున్నవాళ్లకు మార్చి 19, ఆన్నాలకు జులై 26, ఆంద్జెయ్‌లకు నవంబర్ 30, బార్బరాలకు డిసెంబర్ 4, ఆదామ్, ఎవాలకు డిసెంబర్ 24. పాత తరానికి పుట్టినరోజు కంటే ఇదే పెద్ద పండుగ. వయసు అడగాల్సిన పని లేదు, గుర్తుపెట్టుకోవాల్సిన పనీ లేదు, పేరు తెలిస్తే తేదీ క్యాలెండర్‌లోనే ఉంటుంది. కుర్రకారు ఇప్పుడు పుట్టినరోజులే ఎక్కువ చేసుకుంటున్నారు. అరవై దాటిన మనిషికి ఇమియెనీని నాడు ఫోన్ చేస్తే ఎంత సంబరపడతారో మా మామగారి ముఖంలో ఏటా చూస్తున్నాను.

మీ వాక్యం అలాగే ఉంచి "ఉరోజిన్" తీసి "ఇమియెనీన్" పెట్టండి. అరవయ్యో అన్న మాట తీసేయండి. ఇప్పుడు పేరుతో పిలుచుకుంటున్నారు కాబట్టి "ఝిచె పాని" బదులు "ఝిచె చి". పేరు ముందు "పాని" ఉండదు, పిలుపు రూపం మాత్రం అలాగే ఉంటుంది.

#23 వూచ్_స్టూడెంట్
ప్రొఫెసర్‌గారికి చెప్పాను. ఆయన "ప్రొఫెసొఝె" విని తలెత్తి చూసి, లేచి నిలబడి చేయి కలిపారు. క్లాస్‌మేట్ ఒకడి పుట్టినరోజు నిన్నే అయిపోయింది, మర్చిపోయాం. ఆలస్యంగా చెప్పడానికి ఏమైనా ఉందా?

#24 వార్సా_వాసి
"స్పుజ్‌నియొనె, ఆలె ష్చెరె." ఆలస్యమైనా మనసారా. దాని తర్వాత మామూలు వాక్యం. అందరూ అనే మాటే. ఫోన్‌లో పోలిష్ కీబోర్డు పెట్టుకుని మామూలు అక్షరం నొక్కి పట్టుకుంటే గీతల అక్షరాలు వస్తాయి. కంప్యూటర్‌లో అయితే కుడివైపు ఆల్ట్ పట్టుకుని అక్షరం కొట్టాలి. జెడ్‌కు రెండు రూపాలు కాబట్టి చుక్క జెడ్ ఆల్ట్‌తో జెడ్, గీత జెడ్ ఆల్ట్‌తో ఎక్స్. స్నేహితుల మెసేజ్‌లో గీతలు లేకపోయినా నడుస్తుంది, కార్డు మీద మాత్రం పెట్టు.

#25 క్రాకుఫ్_అమ్మ
ఈ చర్చ మొత్తం ఒక్క ఊపులో చదివాను. కోడలుగారూ, మా ఇంటి కింద ఉండే పోలిష్ వాళ్ల బాబుకు వచ్చే వారం మొదటి పుట్టినరోజు. "రొచెక్" అని పిలిచారు. ఏడాది పిల్లాడికి ఏమని చెప్పాలి? మా పాపకూ పదకొండో నెల, తర్వాత మేమూ వాళ్లను పిలవాలి.

#26 వ్రొత్స్వాఫ్_కోడలు
"ఫ్షిస్త్‌కియెగొ నైలెప్‌షెగొ జొకాజ్యి పియెర్ఫ్‌షిహ్ ఉరోజిన్." పిల్లాడితో అని, తర్వాత తల్లిదండ్రులతో "దూఝొ రదోశ్చి" అనండి. ఏడాది పిల్లాడికి కూడా "స్తొ లాత్" పాడతారు. గుమ్మం అవతల నుంచి చేయి కలపొద్దు, అరిష్టం అంటారు. లోపల అడుగుపెట్టాకే పలకరింపులు.

రొచెక్‌లో చాలా ఇళ్లలో ఒక వేడుక ఉంటుంది, తప్పకుండా చూడండి. పళ్లెంలో జపమాల, డబ్బు, పుస్తకం, చిన్న గ్లాసు లాంటివి పెట్టి పిల్లాడి ముందుంచుతారు. ఏది పట్టుకుంటే పెద్దయ్యాక అటు వెళ్తాడని. మన అన్నప్రాశనలో పుస్తకం, పెన్ను, బంగారం, కత్తి పెట్టి పాకించినట్టే. మా వాడికి రెండూ చేశాం. అన్నప్రాశనలో పెన్ను పట్టుకున్నాడు, రొచెక్‌లో డబ్బు పట్టుకున్నాడు. మా అత్తగారూ మా అమ్మా ఫోన్‌లో ఇద్దరూ సంతోషించారు.

#27 క్రాకుఫ్_అమ్మ
మా పాప అన్నప్రాశన ఇక్కడే, మా ఇద్దరి మధ్యే జరిగింది. అయితే పుట్టినరోజుకు ఈ పళ్లెం పెట్టి కింది వాళ్లను పిలుస్తాను. గ్లాసు బదులు మా అమ్మ పంపిన వెండి గిన్నె పెడతాను. "పియెర్ఫ్‌షిహ్"లో "ర్ఫ్‌షి" దగ్గర నాలుక మడతపడుతోంది, వాయిస్ మెసేజ్ పెట్టగలరా?

#28 వ్రొత్స్వాఫ్_కోడలు
పెట్టాను, ఇన్‌బాక్స్ చూడండి. మూడుసార్లు నెమ్మదిగా, ఒకసారి మామూలు వేగంతో పలికాను. మీరు పలికి తిరిగి పంపితే విని చెప్తాను.